పన్నెండు గదులు, ఒకే మట్టం

పాట సరిగ్గా సగంలో ఉండగా బాబాయ్ కాలితో పెట్టె మీది ఏడో మీట నొక్కాడు. నొక్కీ నొక్కగానే ముందు వరసలో ఒకావిడ ఒళ్లో బిడ్డ చెవులు రెండు చేతులా మూసింది. ఆవిడ పక్కన కూర్చున్న పెద్దాయన తన చెవులు తనే మూసుకున్నాడు. పాడే అమ్మాయి నోరు కదులుతోంది గానీ, ఏం పాడుతోందో ఆ పై వాడికే తెలియాలి. బాబాయ్ మాత్రం కళ్ళు మూసుకుని, మెడ ఓ పక్కకి వాల్చి, తన గిటారు తాను హాయిగా వాయించుకుపోతున్నాడు.

అది కొత్తగా తెరిచిన బట్టల దుకాణం. బుధవారం, పగలు పదకొండు గంటలు. గుమ్మం ముందు చెక్క వేదిక వేసి, గంటన్నర పాటలకి ఈ ఆర్కెస్ట్రాని పిలిచారు. ఆర్కెస్ట్రా అంటే పెద్ద పటాలమేం కాదు. కీబోర్డు వాయించే లీడరు, పాడే అమ్మాయి, డ్రమ్మర్, గిటారు బాబాయ్, కింద బోర్డు ముందు కూర్చుని అందరి శబ్దాలూ సర్దే మిక్సరమ్మ. యాభై ఎనిమిదేళ్ళవాడు కాబట్టి అందరికీ బాబాయే. పేరు పెట్టి పిలిచే వయసువాళ్ళు ఆ జట్టులో ఎప్పుడో అయిపోయారు.

పాటలయ్యాక తీగలు చుట్టుకుంటుంటే డ్రమ్మర్ ఊరుకోలేదు.

"బాబాయ్, ఆ ఏడో నంబరు కొట్టినప్పుడు షాపు అద్దాలు పగల్లేదంటే చూడూ, గట్టి అద్దాలు వేయించాడు ఓనరు. ఆయన్ని మెచ్చుకోవాలి."

"నీ డ్రమ్ములకి పగలనివి నా తీగకి పగుల్తాయా?" అన్నాడు బాబాయ్.

"నా డ్రమ్ములు కొడితే జనం గుండె పట్టుకుంటారు. నీది కొడితే చెవి పట్టుకుంటున్నారు. గుండె గొప్పదా, చెవి గొప్పదా నువ్వే చెప్పు."

అందరూ నవ్వారు. పాడే అమ్మాయి నవ్వలేదు. గొంతు పట్టేసినట్టుంది, మెడకి గుడ్డ చుట్టుకుని వేదిక దిగి వెళ్ళిపోయింది. లీడరు కూడా నవ్వలేదు. వ్యాను తలుపు దగ్గరికి బాబాయ్‌ని పిలిచాడు.

"బాబాయ్, ఆ పెట్టె సంగతి ఏం చేద్దాం?"

పెట్టె అంటే పుస్తకాల సంచీలో పట్టేంతది. నేల మీద పెట్టి కాలితో నొక్కాలి. దూడంత బరువుండే పాత యాంప్లిఫైయర్‌ని ముగ్గురు పట్టుకుని మెట్లెక్కించలేక లీడరు కొత్తగా తెప్పించాడు. దాని లోపల పన్నెండు రకాల యాంప్లిఫైయర్ల గొంతులున్నాయి. ఒకటి నీళ్ళలా తేటగా ఉంటుంది, ఒకటి బొంగురుగా, ఒకటి తుప్పు పట్టిన రేకులా. జట్టులో అందరూ వాటిని ప్రీసెట్లు అంటారు. బాబాయ్ గదులంటాడు. మీట నొక్కితే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అడుగు పెట్టినట్టే ఉంటుందట ఆయనకి. వచ్చిన చిక్కల్లా, ఆ గదులన్నీ ఒక మట్టంలో లేవు. ఒకదాంట్లో గుసగుస, పక్కదాంట్లో గావుకేక. ఏడోది, పాట మధ్యలో గిటారు ఒంటరిగా పలికే చోట వాడేది, మరీ అన్యాయం.

"సర్దుతాను. నాలుగు రోజులు టైమివ్వు" అన్నాడు బాబాయ్.

"నాలుగు రోజులే ఉంది బాబాయ్. ఆదివారం పొద్దున్న పదింటికి పెద్ద హోటలు హాల్లో మనల్ని వాయించి చూపమన్నారు. నచ్చితే వారానికి మూడు సాయంత్రాలు, ఏడాది పాటు మనమే. నచ్చకపోతే మళ్ళీ ఈ షాపుల ముందు చెక్కలే." లీడరు వ్యాను తలుపు మీద గీత ఒకటి గోటితో గీకాడు. "పన్నెండూ ఒక మట్టానికి రావాలి. రాకపోతే నేను వేరే ఆలోచన చేసుకోవాలి. పెద్దవారు, నా నోటితో అనిపించకండి."

బాబాయ్ తల ఊపాడు. ఆ మాట వినపడనట్టు ఉండాలని చూశాడు గానీ, వినపడింది. అలాంటి మాటలన్నీ ఆయనకి శుభ్రంగా వినపడతాయి.

ఇంటికొచ్చేసరికి భార్య మోటారు మిషన్ మీద తెరలు కుడుతోంది. గట్టి గుడ్డలు కుట్టే పెద్ద మిషన్ అది. తిరిగిందంటే బల్ల మీద గ్లాసులు వణుకుతాయి. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసి ఆమె కాలు తీసేసింది.

"రెండు చుక్కలు నూనె వెయ్యండి దీనికి. పొద్దున్నించీ కీచుమంటోంది, నా పళ్ళు జివ్వుమంటున్నాయి."

"ఏదీ, తిప్పు."

ఆమె తిప్పింది. ఆయన వంగి విన్నాడు. గుర్రుమని మోటారు, దబదబా సూది.

"ఎక్కడే కీచు? బంగారంలా తిరుగుతుంటేనూ."

"మీకు బంగారమే. కుట్టేదాన్ని నేను కదా" అని ఆమె మళ్ళీ తెర మీదకి వంగింది. నూనె సంగతి అక్కడికి ఆగిపోయింది.

గురువారమంతా బాబాయ్ కిటికీ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పెట్టె ముందు వంగాడు. ఒకటో గదిని కొలబద్దగా పెట్టుకున్నాడు. అదే వరస నాలుగు స్వరాలు, అదే బలంతో, ముందు ఒకటిలో వాయించి వెంటనే రెండులో వాయించడం. హెచ్చుగా ఉంటే చిన్న చక్రం వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకి. మళ్ళీ ఒకటి. మళ్ళీ రెండు. అది కుదిరాక ఒకటి, మూడు. గోడ కట్టే మేస్త్రీ ప్రతి రాయికీ మట్టం పెట్టి చూసినట్టు చూశాడు. తప్పు కొలత రాకూడదని మీటే చేతి బలం మారకుండా మణికట్టుని గిటారు అంచుకి ఆనించుకున్నాడు. మధ్యాహ్నానికి మణికట్టు ఎర్రగా కందింది.

ఏడో గది దగ్గర చాలాసేపు పట్టింది. అందరూ గావుకేక అంటున్నారు కదా అని మొదట బాగా తగ్గించాడు. తగ్గిస్తే ఒకటో గది పక్కన అది మూలిగినట్టు కూడా లేదు. సన్నగా పలికే పైతీగ మీద స్వరాలైతే వేళ్ళ కింద ఉన్నాయి గానీ చెవిలో లేవు. మనసొప్పక ఓ చుట్టు పెంచాడు. ఇంకో చుట్టు. ఇప్పుడు సమంగా ఉంది. 'అదీ సంగతి, వీళ్ళ గోల కాకపోతే అసలు ఇంతే ఉండాలి' అనుకుని, పన్నెండూ పూర్తి చేసి, నడుం పట్టుకుని లేచాడు.

"అయిందా?" అంది భార్య.

"రసమట్టం పెట్టి చూసుకో, బొట్టు కదలదు."

శుక్రవారం రిహార్సల్. ఒక పాత గిడ్డంగి వెనక గదిలో, గోడలకి చాపలు కొట్టి ఉంటుంది. బాబాయ్ పెట్టెని పెద్ద స్పీకర్లకి తగిలించి, కొత్త బట్టలేసుకున్నవాడిలా నిలబడ్డాడు. మొదటి పాట బాగానే పోయింది. రెండో పాటలో మూడో గదిలోకి వెళ్ళగానే గిడ్డంగి గదంతా గుమ్మని ఊగింది. హెడ్‌ఫోన్లలో పిల్లిలా పడుకున్న బొంగురు స్వరం ఇక్కడ ఏనుగై లేచింది. మూడో పాటలో ఏడో మీట నొక్కాడు.

పాడే అమ్మాయి మైకు కింద పెట్టేసి చెవిలో వేలు పెట్టుకుంది. "బాబాయ్ గారూ, మీ కాళ్ళు పట్టుకుంటా, అది వద్దు. సూది పెట్టి పొడిచినట్టుంది."

"మొన్నటికన్నా పెరిగింది" అన్నాడు లీడరు.

"పెరగడమేంటి? సమంగా ఉంటేనూ" అన్నాడు బాబాయ్. అని నలుగురి మొహాలూ చూశాడు. ఎవరూ జోకులెయ్యడం లేదు. డ్రమ్మర్ పుల్లలు ఒళ్లో పెట్టుకుని వాటి చివర్లు చూసుకుంటున్నాడు. డ్రమ్మర్ జోకెయ్యలేదంటే ఏదో పెద్దదే జరిగింది.

మిక్సరమ్మ లేచి వచ్చింది. నలభై దగ్గర పడిన మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. "రండి బాబాయ్ గారూ, బోర్డు మీద లైట్లుంటాయి. వాటిని పట్టి సర్దుదాం" అంది. ఆకుపచ్చ లైట్లు కింద నుంచి పైకి నిచ్చెనలా వెలుగుతాయి. ప్రతి గదీ ఒకే మెట్టు దాకా ఎక్కేట్టు అరగంట సేపు ఇద్దరూ సర్దారు. బాబాయ్‌కి ఆ పని నచ్చింది. లైట్లకి మొహమాటాలు లేవు. అంతా ఒక మెట్టు మీదకి వచ్చాక మళ్ళీ వాయించారు. ఈసారి తేటగా ఉండాల్సిన ఒకటో గది నీళ్ళలో మునిగింది, ఏడోది మునుపటంత కాకపోయినా నెత్తికెక్కే కూర్చుంది.

"ఇదేం న్యాయమమ్మా? అందరూ ఒకే మెట్టు మీద ఉన్నారుగా?"

"తేట స్వరం మీటగానే పైకెగిరి ఠక్కున పడిపోతుందండీ. లైటు ఆ ఎగురుడునే చూస్తుంది. ఏడోది ఎగరదు, అక్కడే పీట వేసుకుని కూర్చుంటుంది. లైటుకి ఇద్దరూ ఒకటే. చెవికి మాత్రం కూర్చున్నదే పెద్దది. లైటు సగం నిజమే చెబుతుందండీ. మిగతా సగం చెవే చెప్పాలి."

బాబాయ్ పెట్టె మీదకి వంగి చక్రం తిప్పుతుంటే, ఎదురుగా డ్రమ్మర్ చూపు తన భుజం మీదుగా వెనక్కి పోవడం గమనించాడు. వెనక్కి తిరిగాడు. మిక్సరమ్మ తన తలకి జానెడు దూరంలో తాళాల గుత్తి పట్టుకుని ఉంది. గుత్తి ఇంకా ఊగుతోంది. ఆమె గబుక్కున చెయ్యి దించి, గుత్తిని సంచీలో వేసుకుంది. సంచీ జిప్పు లాగింది. బాబాయ్ మళ్ళీ చక్రం మీదకి వంగాడు.

వెళ్ళేటప్పుడు ఆమె చిన్న స్పీకరొకటి ఆయన చేతికిచ్చింది. "ఇంట్లో హెడ్‌ఫోన్లతో వద్దండీ. గుసగుసలో సరిపోయింది కేకలో సరిపోదు. ఇందులో గట్టిగా పెట్టి చూడండి. ఇంకో మాట. ఎవరినైనా వినమనండి, మీరు వాయించండి."

"వాళ్ళెందుకు? నేను లేనా?"

"వాయించేవాడు వేళ్ళనే వింటాడండీ, శబ్దాన్ని వినడు. ఎవరైనా అంతే" అంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. మర్యాదగా చెప్పిన అబద్ధం కాబట్టి బాబాయ్ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం పై అంతస్తు ఆవిణ్ణి గంటసేపు ఓర్చుకోమని అడిగి వచ్చింది భార్య. "గంటే కదా? మీ మిషన్‌కి పదేళ్ళ నుంచీ ఓర్చుకుంటున్నా, దీనికి ఓర్చుకోలేనా?" అందట ఆవిడ.

స్పీకరు బీరువాకి ఆనించి పెట్టారు. బాబాయ్ ఒకటో గదిలో నాలుగు స్వరాలు, రెండో గదిలో నాలుగు స్వరాలు వాయించాడు.

"ఏది పెద్దది?"

"రెండూ గిటారే కదా" అంది భార్య.

"గిటారే. ఏది గట్టిగా ఉంది?"

"మొదటిది మెత్తగా ఉంది. రెండోది ముక్కుతో మాట్లాడినట్టుంది."

"ముక్కా నోరా కాదే! ఎక్కువా తక్కువా?"

"నాకు తెలీదండీ. నేనేమన్నా సంగీతం నేర్చుకున్నానా? ఒకటి విని ఇంకోటి వినేలోపు మొదటిది మర్చిపోతున్నా. పక్కపక్కన పెట్టి చూడ్డానికి ఇవేమన్నా గుడ్డలా?" అని కసురుకుని, కుట్టాల్సిన తెర గుర్తొచ్చి మిషన్ మీద కూర్చుంది. "మీ పని మీరు కానివ్వండి, నా పని నేను చేసుకుంటా. వింటూనే ఉంటాలే."

మిషన్ గుర్రుమంది. పొడుగాటి అంచు కుట్టు. ఆమె కాలు పడితే ముప్ఫై ఏళ్ళ అలవాటు, వేగం వెంట్రుకంత కూడా మారదు. బాబాయ్ విసుక్కుంటూనే వాయించాడు. రెండో గదిలోకి వెళ్ళగానే ఆమె తలెత్తకుండా అంది:

"ఇది మిషన్‌ని మింగేసింది."

"ఏంటి?"

"ఇందాకటిది మిషన్‌తో జోడీగా పోయింది. ఇదీ వినపడుతోంది, అదీ వినపడుతోంది. ఇప్పుడు మీది వాయిస్తే నా మిషన్ నాకే వినపడ్డం లేదు."

బాబాయ్ చెయ్యి తీగల మీదే ఆగిపోయింది. కొలబద్ద ఇన్నాళ్ళూ ఇంట్లోనే గుర్రుమంటూ తిరుగుతోంది. చక్రం కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ వాయించాడు.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ. జోడు కుదిరింది."

అక్కడి నుంచి పని పరుగెత్తింది. ఆయన గది మార్చడం, ఆమె అంచు కుట్టుకుంటూనే మాట వెయ్యడం. "ఇది మిషన్ కింద పడి నలిగిపోతోంది." "ఇది దాని నెత్తిన కూర్చుంది." "ఇదీ జోడే, ముట్టుకోకండి." తెర అయిపోతే ఇంకో తెర తీసుకుంది. అంచులు అయిపోతే ఉత్త పాత గుడ్డ పెట్టి తిప్పింది. మూడు, నాలుగు, అయిదు, ఆరు. బాబాయ్‌కి ఉత్సాహం వచ్చి, "సంగీతం రాదన్నావు, జట్టులో నీకొక కుర్చీ వెయ్యమంటా" అన్నాడు. "మిషన్ కూడా మోసుకు రావాలి మరి, వ్యానుందా?" అందామె.

ఏడో మీట నొక్కాడు.

ఆమె భుజాలు ఒక్కసారి పైకి లేచాయి. కుట్టు వంకర పోయింది. "అమ్మో! తగ్గించండి."

తగ్గించాడు.

"ఇంకా."

ఇంకా తగ్గించాడు. పైతీగ మీద స్వరాలు సన్నబడ్డాయి.

"ఇంకా... ఇంకా ఉంది. ఇంకా."

చక్రం తిరుగుతోంది. ఆయన వేళ్ళు అదే దారిలో పరుగెడుతున్నాయి. కింది తీగలు ఎక్కడో దూరాన వినపడుతున్నాయి. పైతీగ, పాట అంతా ఎక్కి కూర్చునే ఆ పైతీగ, ఆరిపోయింది. గోరు తీగకి తగిలే టిక్కు, మిషన్ గుర్రు, అంతే మిగిలాయి.

"ఆఁ. అదీ. జోడు కుదిరింది" అంది భార్య. "ఎంత బాగుంది ఇప్పుడు! ఇదేనా ఇన్నాళ్ళూ అరిచింది? ఏదీ, ఇంకోసారి వాయించండి."

ఆయన వాయించాడు. ఆమె మిషన్ ఆపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. వాయిస్తూ ఆయన ఆమె మొహమే చూశాడు. మొహంలో పాట కనపడుతోంది. చెవికి మాత్రం టిక్కు, టిక్కు, టిక్కు.

ఆయన తీగల మీంచి చెయ్యి తీసేశాడు.

"మిషన్ కీచు నిజంగానే వినపడలేదా మీకు?" అంది ఆమె.

"ఏ కీచు?"

"ఎన్నాళ్ళయింది?"

"ఏమో. రేపు వాయించాక చూద్దాం."

"రేపెట్లా వాయిస్తారు?"

"ముప్ఫై అయిదేళ్ళు నడిచిన దారే. కళ్ళు మూసుకుని నడుస్తాను" అన్నాడు. అని ఎనిమిదో మీట నొక్కాడు. ఆమె మళ్ళీ మిషన్ మీద కాలు వేసింది. మిగతా అయిదు గదులూ మాటల్లేకుండా అయిపోయాయి. ఆమె చెయ్యెత్తితే పెంచడం, దించితే తగ్గించడం, అంతే.

ఆదివారం హోటలు హాలు చల్లగా ఉంది. పైనుంచి చల్లగాలి నేరుగా వేదిక మీదకి దిగుతోంది. కుర్చీల్లో నలుగురే ఉన్నారు. మధ్య కుర్చీలో మేనేజరు, ఒళ్లో కాగితం, చేతిలో పెన్ను. బాబాయ్ పెట్టె అద్దంలో శ్రుతి చూపే ముల్లు చూసి ఆరు తీగలూ శ్రుతి చేసుకున్నాడు. నూటికి నూరు.

నాలుగు పాటలు. మొదటి పాటలో గది మారిందని కాలు చూస్తే తప్ప తెలియలేదు. రెండో పాటలో మూడు గదులు మార్చాడు. కేకా లేదు, గుసగుసా లేదు. పాడే అమ్మాయి గొంతు నూనెలో వత్తిలా నిలబడి వెలిగింది. దూరంగా బోర్డు దగ్గర మిక్సరమ్మ చేతులు మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆమె సర్దడానికి ఏమీ మిగల్లేదు. లీడరు కీబోర్డు మీంచి తలెత్తి బాబాయ్ వైపు చూసి కళ్ళతో నవ్వాడు. మేనేజరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మూడో పాటలో బాబాయ్ పైతీగని వేలితో బలంగా పక్కకి లాగి వదిలాడు. అలా లాగితేనే ఆ పాటకి అందం.

నాలుగో పాటలో ఏడో మీట నొక్కాడు.

ఆయన చెప్పినట్టే కళ్ళు మూసుకుని నడిచాడు. ఏ మెట్టు మీద ఏ వేలు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ జారాలి, వేళ్ళకి తెలుసు. టిక్కు, టిక్కు. ఒక్క వేలూ తప్పలేదు. సగం దారిలో కళ్ళు తెరిచాడు, మేనేజరు మొహం ఎలా ఉందో చూద్దామని.

పాడే అమ్మాయి తన వైపు తిరిగి ఉంది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. డ్రమ్మర్ తల దించుకుని కొడుతున్నాడు. 'మళ్ళీ ఎక్కువైంది కాబోలు' అనుకున్నాడు బాబాయ్. గిటారు మీదున్న శబ్దం మీట కొంచెం తగ్గించాడు. అమ్మాయి మొహం మారలేదు. ఇంకొంచెం తగ్గించాడు. ఆమె పెదవి కొరుక్కుంది. లీడరు కీబోర్డు గట్టిగా వాయించడం మొదలుపెట్టాడు, గిన్నెలో పడ్డ ఈగని చేత్తో కప్పేసినట్టు.

పాట అయ్యాక పెట్టె అద్దంలోకి చూశాడు. పైతీగ మీటాడు. ముల్లు మధ్యలో లేదు. పక్కకి, బాగా పక్కకి ఉంది. లాగి వదిలినప్పుడే జారి ఉంటుంది. అలా జారడం ఎన్నోసార్లు జరిగేదే. జారిన మరుక్షణం చెవి పట్టుకునేది, వేలు సర్దుకునేది, వినేవాడికి తెలిసేది కాదు. ఈ రోజు ఆ జారిన తీగ మీద మొదటి నుంచి చివరిదాకా, ఒక్క వేలు తప్పకుండా, మొత్తం వాయించాడు. మునుపటి గావుకేకలో అయితే శ్రుతి తప్పిందో లేదో ఎవరికీ పట్టేది కాదు, చెవులు మూసుకునే తొందరలో ఉండేవారు. ఇప్పుడు అన్నీ ఒక మట్టంలో ఉన్నాయి. ప్రతి స్వరమూ అద్దంలా వినపడింది.

మేనేజరు లీడరుతో మాట్లాడుతున్నాడు. సగం మాటలు వినపడ్డాయి. బాగుంది, శుభ్రంగా ఉంది, ఎక్కడా చెవికి తగల్లేదు, వచ్చే వారం నుంచి రండి. "ఆఖర్న గిటారు ఒక్కటే ఏదో శ్రుతి తప్పింది. అది చూసుకోండి."

వెనక మెట్ల దగ్గరికి లీడరు వచ్చేసరికి బాబాయ్ గిటారుని సంచీలో పెట్టి, పెట్టెని గుడ్డతో తుడుస్తున్నాడు.

"బాబాయ్" అన్నాడు లీడరు. అని మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు బూటు తాడు విప్పి మళ్ళీ కట్టాడు. "మిక్సరమ్మ నాకేం చెప్పలేదు. శుక్రవారమే నాకు అర్థమైంది. ఈ రోజు గడిస్తే చాలు, తర్వాత చూద్దామనుకున్నా."

"గడిచిందిగా" అన్నాడు బాబాయ్.

"గడిచింది. మీ వల్లే. పన్నెండూ పువ్వుల్లో పెట్టినట్టు కుదిరాయి. ఇంత సమంగా ఎవడూ పెట్టలేడు." లీడరు పెట్టె వైపు చూశాడు, బాబాయ్ వైపు చూడలేదు. "మంగళవారం ఒకాయన వస్తాడు. ఇదే పెట్టె మీద వాయించగలడు. మీరు... ఆ సెట్టింగులు అలాగే ఉండనివ్వండి బాబాయ్. అంత మాత్రం చెయ్యండి."

పెట్టెకి ఇంకా కరెంటు ఉంది. పక్కనున్న ఎర్ర మీట కాసేపు నొక్కి పట్టుకుంటే పన్నెండు గదులూ మొదటిలాగా అయిపోతాయి. ఒకటి గుసగుస, ఒకటి గావుకేక. మీట బాబాయ్ బొటనవేలి పక్కనే ఉంది. లీడరుకీ తెలుసు. మెట్టు మీంచి కదలకుండా చూస్తున్నాడు.

బాబాయ్ ఆ వేలిని చూసుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ఉత్త పాత గుడ్డ మీద భార్య కుట్టిన కుట్లు గుర్తొచ్చాయి. ఎవరికీ పనికిరాని గుడ్డ మీద గంటసేపు.

కరెంటు ఆపి, తీగ చుట్టి, పెట్టెని లీడరు ఒళ్లో పెట్టాడు.

"ఎలా కుదిర్చారు బాబాయ్, ఇంతకీ?"

"మిషన్ మీద కుట్టాం."

అది జోకనుకుని లీడరు నవ్వబోయాడు. బాబాయ్ మొహం చూసి మానుకున్నాడు.

తలుపు దగ్గర డ్రమ్మర్ ఎదురయ్యాడు. గిటారు సంచీ అందుకుని వీధి చివరిదాకా మోశాడు. అక్కడ బాబాయ్ సంచీ తీసుకుని, "వెళ్ళు, వ్యాను ఆగదు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఎండ కిటికీ దాటి మిషన్ బల్ల మీదకి వచ్చింది. భార్య మొగుడి చేతిలో గిటారు సంచీ చూసింది. రెండో చేతిలో పెట్టె లేదని చూసింది.

"హాలు వచ్చిందా?"

"వచ్చింది. ఏడాది."

"ఏడోది ఎలా ఉంది?"

"జోడుగా ఉందన్నారు."

ఆమె మిషన్ మీంచి కాలు తీసి కూర్చుంది. ఆయన గిటారుని గోడకి ఆనించాడు. అది జారబోతే సర్ది, మళ్ళీ ఆనించాడు. అలమర తలుపు తీసి, వెనకెక్కడో ఉన్న నూనె బుడ్డి వెతికి పట్టుకొచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, మిషన్ చక్రం పక్క చిన్న రంధ్రంలో ఒక చుక్క వేశాడు.

"తిప్పు."

ఆమె తిప్పింది. మోటారు గుర్రుమంది, సూది దబదబలాడింది. మొన్నటిలాగే బంగారంలా తిరుగుతోంది. ఆయన మిషన్ వైపు చూడటం లేదు. తలెత్తి ఆమె మొహం చూస్తున్నాడు.

"పోయిందా?"

"ఇంకా ఉంది."

ఇంకో చుక్క వేశాడు.

"ఇప్పుడు?"

"కొంచెం తగ్గింది. ఇంకోటి."

మూడో చుక్క అంచున నిలిచి, మెల్లగా లోపలికి ఇంకింది. ఆమె కాలు నొక్కి పట్టుకుని, కళ్ళు మూసుకుని వింది. ఆయన బుడ్డి పట్టుకుని అలాగే కూర్చున్నాడు, ఆమె కళ్ళు ఎప్పుడు తెరుస్తుందా అని.

"పోయింది" అంది ఆమె.

ఆయన బుడ్డికి మూత పెట్టాడు.